ఎండ తగిలిన మనిషి

మా నాన్న ఆఖరుగా చేసిన పని సుబ్బరావమ్మగారి పరుపు విప్పడం. ఇరవై ఏళ్ల కిందట తను కుట్టిన పరుపే. పొద్దున్నే వాళ్ల డాబా మీద పరిచి, అంచుల కుట్లు ఊడదీసి, రాయిలా గట్టిపడిన దూదిని ముద్దలు ముద్దలుగా చీల్చి ఎండలో పోశాడు. పై గుడ్డ ఉతికించమని ఆవిడ చేతికిచ్చాడు. ఎండ తగ్గాక వచ్చి ఏకుతానని చెప్పి, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు. అసర్ నమాజు వేళకు నానమ్మ లేపితే లేవలేదు. సాయంత్రం గాలి లేచేసరికి సుబ్బరావమ్మగారే డాబా ఎక్కి ఆ దూదంతా సంచుల్లోకి ఎత్తుకున్నారు. పది రోజులు ఆగి నరసరావుపేట నుంచి వేరే మనిషిని పిలిపించి కుట్టించుకున్నారు. అది 2023 ఫిబ్రవరి. నాన్నకు అరవై ఒకటి.

ఆయన పేరు ఇమాం హుస్సేన్. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. వినుకొండకు ఎనిమిది మైళ్ల దూరంలో మా ఊరు. చుట్టుపక్కల పాతిక ఊళ్లలో పెళ్లి పరుపులు ఆయన కుట్టినవే. భుజాన దూది ఏకే విల్లు, సంచిలో దబ్బనాలు, దారం ఉండలు. మొదట్లో సైకిల్, తర్వాత టీవీఎస్ బండి. స్పాంజి పరుపులు వచ్చాక కొత్తవి కుట్టించుకునేవాళ్లు తగ్గారు. పాతవి విప్పి మళ్లీ ఏకించుకునేవాళ్లతోనే ఆఖరి పదేళ్లు నడిచాయి.

ఊళ్లో ఆయన్ని ఇమాం హుస్సేన్ అని పిలిచినవాళ్లు తక్కువ. కల్లం హుస్సేను అనేవాళ్లు. మిరపకాయలు ఎండబోసే కల్లంలో పుట్టాడని ఆ పేరు.

ఆ కథ మా నానమ్మ కరీమున్ చెప్పేది. నిండు నెలలతో యలమందగారి నాన్న కల్లంలో తాలు కాయలు ఏరుతోందట. మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఇంటిదాకా నడవలేక కాయల పక్కనే కనేసింది. కింద కాలే నేల, పైన ఎండ, చుట్టూ మిరప ఘాటు. బొడ్డు కోయడానికి మనిషి వచ్చేసరికి పిల్లాడు అలాగే పడి ఉన్నాడు. ఆ ఎండ తగిలి ఒళ్లు నల్లబడిందట, నెత్తి మీద వెంట్రుకలు మాడి ముడుచుకుపోయాయట.

నానమ్మ పచ్చటి మనిషి. ఆమె అన్నలిద్దరూ అంతే. మా నాన్నది మాత్రం మెరిసే నలుపు. ఆరడుగుల పైన మనిషి, వెడల్పాటి ముక్కు, నిండు పెదవులు. నల్లగా ఉండేవాళ్లకు మా ప్రాంతంలో కొరతేమీ లేదు. కానీ ఆ నలుపు వేరు, ఆ తల వేరు. ఆ తల మీద జుట్టు పెరగడం ఊళ్లో ఎవరూ చూడలేదు. పుట్టు వెంట్రుకలు తీయించిన రోజునే జుట్టు దర్గాకు మొక్కేశానని నానమ్మ చెప్పింది. అప్పట్నుంచి ప్రతి గురువారం గుండే. మొదట బుల్లయ్య తండ్రి గీశాడు, తర్వాత బుల్లయ్య. అరవై ఏళ్లు ఒక్క గురువారం తప్పలేదు. తప్పిన నాలుగు గురువారాల గురించే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. కడుపుతో ఉన్న ఆడది మిరప కల్లం తొక్కదు. కాయలు ఏరడానికి రాదు, అన్నం క్యారేజీ కూడా గట్టు మీదే పెట్టి పోతుంది. రెడ్లయినా, కమ్మవాళ్లయినా, మాలమాదిగలయినా అంతే. ఇదేదో పాతకాలం నుంచి వస్తున్నదని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదు. అది మా నాన్నతో మొదలైంది. కరీమున్ కొడుక్కి తగిలినట్టు తమ బిడ్డలకు తగులుతుందని ఆడవాళ్లు భయపడ్డారు. నిజంగా భయపడ్డారో, నానమ్మ మాట నమ్మినట్టు కనిపించాలని మొదలుపెట్టారో నేను చెప్పలేను. నా తరానికి వచ్చేసరికి మాత్రం నిజం భయమే.

మగవాళ్లకు అంత మర్యాద లేదు. యలమందగారు నాన్న ఈడువాడు, స్నేహితుడు. రేడియోలో క్రికెట్ వినే రోజుల్లో నాన్న సైకిల్ కనపడితే చాలు, "ఏరా వెస్టిండీసూ, ఇవాళ బౌలింగ్ నీదేనా?" అని అరిచేవాడట. నాన్న విల్లు దించి, దబ్బనం చూపించి, నీ బ్యాటు తెచ్చుకో అనేవాడు. కానీ ఆ యలమందే మా గుమ్మంలోకి వస్తే గొంతు మారిపోయేది. "కరీమమ్మా, ఎండలో పుట్టినోడు గనకే నీ కొడుకు ఇంత గట్టిగా ఉన్నాడు" అని తనే ముందు కథ ఎత్తుకునేవాడు. ఊరంతా అలాగే. బయట ఏమన్నా, ఆమె ముందు ఎండ మాటే.

ఎందుకంటే ఊరికి ఇంకో సంగతి తెలుసు. నానమ్మ భర్త బుడే సాహెబ్ పెళ్లయిన మూడేళ్లకే జ్వరంతో పోయాడు. అన్నలు ఆమెను ఏడాదికి పైగా కనిగిరిలో బంధువుల దగ్గర ఉంచి తీసుకొచ్చారు. వచ్చేటప్పటికి ఆరో నెల. బడిలో నాన్న తండ్రి పేరు బుడే సాహెబ్ అనే రాయించారు. పుట్టినప్పటికి బుడే సాహెబ్ పోయి రెండేళ్లు దాటింది. ఆ లెక్క ఎవరూ పైకి వేయలేదు. నాన్న వేసుకునే ఉంటాడు. అంత లెక్క రాని మనిషి కాదు.

నేను నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక వ్యాసం కంటపడింది. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం దగ్గర కాపలా సైన్యంలో పనిచేసిన సిద్దీల గురించి. హబ్షీలని కూడా అంటారట. వాళ్ల పిల్లలు, మనవలు హైదరాబాదులో ఇప్పటికీ ఉన్నారని రాశారు. పక్కన ఒక ఫొటో. గళ్ల లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చున్న ముసలాయన. మా నాన్నే కూర్చున్నట్టుంది, తల మీద జుట్టు తప్ప. ఆ పేజీ జిరాక్స్ తీయించి తెచ్చి ఆయనకు చూపించాను. చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. మడిచి నాకే ఇచ్చి, "మీ నానమ్మకి చూపించకు" అన్నాడు.  

2015లో నాకు పెళ్లయింది. పొదిలి. మా ఆయన బాజీ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అత్తగారు సిద్దికా. మామగారు లేరు. పొదిలివాళ్లకు నాన్న గుండు, తల గుడ్డ చూసి ఏ అనుమానమూ రాలేదు. మొక్కు అంటే సరే అన్నారు.

ఆ ఏడే కడుపుతో ఉన్నాను. మా అమ్మ అప్పటికే లేదు, నానమ్మది పెద్ద వయసు. అందుకని పురిటికి పుట్టింటికి పోకుండా పొదిలిలోనే ఉన్నాను. అత్తమ్మ కౌలుకు రెండెకరాల మిరప వేసింది. మరుసటి ఫిబ్రవరిలో కాయ కల్లానికి వచ్చింది. కూలీలు దొరక్క నన్ను నీడన కూర్చుని తాలు ఏరమంది. మా ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లు కల్లం తొక్కరని చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది. వీధిలో అందరికీ చెప్పుకుంది. మా కోడలు పని తప్పించుకోవడానికి ఊరి పేరు చెప్పి ఒక ఆచారం పట్టుకొచ్చిందని. నేను మాత్రం వెళ్లలేదు. కాయలు ఎత్తి బస్తాలకు తొక్కేదాకా ఆ వైపు చూడలేదు.

మార్చి ఆఖరున సమీరా పుట్టింది. చూడవచ్చిన ముసలమ్మలు చెవి అంచులు తిప్పి చూసి, పిల్ల నలుపు తేలుతుందన్నారు. దానికి ఎవరూ బాధపడలేదు. ఏడో రోజున పుట్టు వెంట్రుకలు తీయించారు. మళ్లీ వచ్చిన జుట్టు మామూలుగా రాలేదు. మిరియపు గింజలు అతికించినట్టు ఒక్కొక్కటీ చుట్టుకుని వచ్చింది. అత్తమ్మ ఆముదం పట్టించింది. మళ్లీ గుండు చేయించింది. మళ్లీ మిరియాలే. మూడోసారీ అంతే. నాది రింగుల జుట్టే గాని, నూనె రాసి బిగించి జడ వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. బాజీది చీపురు పుల్లల్లాంటి జుట్టు.

ఎవరి పోలిక అన్న ప్రశ్న మొదట నవ్వుతూ వచ్చింది. తర్వాత నవ్వు పోయింది. ఒంగోలులో పై ఊళ్ల కాలేజీ కుర్రాళ్లు, ఆఫ్రికావాళ్లు కూడా ఉంటారని, పెళ్లికి ముందు నేను అక్కడ ఆరు నెలలు కోచింగ్‌కు వెళ్లానని ఎవరో గుర్తుచేశారు. బాజీ షాపులోనే పడుకోవడం మొదలుపెట్టాడు. మొహర్రం పది రోజులూ అయ్యాక నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి తేల్చుకుందామని వాళ్ల చిన్నాన్న అన్నాడు. హైదరాబాదులో రక్తపరీక్ష చేస్తారని, దాంతో నిజం తేలుతుందని బాజీ ఫోనులో చూసి చెప్పాడు. చేయించుకోమన్నాను. నాకు భయం లేదు.

నాన్నకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు. "జుట్టేనా?"

"జుట్టే నాన్నా. పరీక్ష చేయిస్తారట. చేయించుకోనీ."

"వద్దు. పరీక్ష చేయించుకున్న పెళ్లాం ఆ ఇంట్లో ఎట్టా బతుకుద్ది? తేలినా బతకలేదు."

తర్వాత ఇంట్లో జరిగింది యలమందగారు చెప్పగా విన్నాను. ఆయన ఆ సాయంత్రం మా అరుగు మీదే ఉన్నాడు. నాన్న నానమ్మ దగ్గర కూర్చుని, నా పేరు చెప్పి, గుల్షన్ ఇంట్లో గొడవగా ఉందని మొదలుపెట్టాడు. సంగతంతా వినకుండానే నానమ్మ, నీళ్లోసుకున్న నెలల్లో కల్లంలో తిరిగింది, ఎండ తగిలింది అని చెప్పమంది.

"తిరగలేదమ్మా" అన్నాడు నాన్న. "తొక్కనే లేదని వాళ్లత్త వీధంతా చెప్పింది. తొక్కొద్దని చిన్నప్పటి నుంచీ నువ్వేగా చెప్పావు."

నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న అక్కడే కూర్చున్నాడట. ఆయన ఇప్పుడు అడుగుతాడని యలమందగారు అనుకున్నాడు. నా తండ్రి ఎవరమ్మా అని అడిగితే చాలు, పొదిలి వెళ్లి ఆ పేరు చెప్తే సమీరా గొడవ తీరిపోతుంది. కానీ ఆ పేరుతోపాటు డెబ్బయ్యారేళ్ల తల్లి, మొగుడు పోయిన రెండేళ్లకు కన్నదని పొదిలికీ వినుకొండకూ చెప్పాలి. నాన్న లేచి, తల్లి కాళ్ల మీద దుప్పటి లాగి, బయటికొచ్చాడు. గురువారం బుల్లయ్య పెట్టె పట్టుకుని వస్తే, ఈ వారం వద్దులేరా అని పంపేశాడు.

సెప్టెంబరు మధ్యలో బండి మీద విల్లు కట్టుకుని పొదిలిలో దిగాడు. మా గుమ్మంలోనే నిలబడి, "చెల్లెమ్మా, మీ వీధిలో పాత పరుపులు బాగా ఉన్నాయంట. ఒక నెల ఇక్కడ పని చేసుకుంటా" అన్నాడు. అత్తమ్మ సరేనండి అంది. కూతురి అత్తవారింట్లో నెల రోజులు ఉండకూడదు గనుక మసీదు వెనక గదిలో దిగాడు. తల గుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. మా ఎదుటింటి వేపచెట్టు కింద పట్టా పరిచి, విల్లు తగిలించి కూర్చున్నాడు.

ఆ ఏడు వానాకాలం పేరే గాని చినుకు లేదు. ఆయన పనికి అది బాగా కలిసొచ్చింది. పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా విల్లు మోగుతూనే ఉండేది. వచ్చేపోయేవాళ్లు ఆగేవాళ్లు. ఎంత అడిగినా తగ్గించి చేస్తాడని పేరొచ్చి, పక్క వీధుల నుంచి కూడా పరుపులు మోసుకొచ్చారు. ఆయన తల వంచుకుని దూది ఏకుతుంటే వాళ్లు నిలబడి ఆ తలనే చూసేవాళ్లు. వారానికి నల్ల ఇసుక చల్లినట్టుంది. పదిహేను రోజులకు మిరియాలు. మధ్యలో నెరిసినవి, దూది నూగు పట్టినవి. రోజూ మధ్యాహ్నం సమీరాను తీసుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టేదాన్ని. పిల్ల తాత తల మీద రెండు చేతులూ వేసి ఆ గింజలు పట్టుకోవాలని చూసేది.

ఆయన ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. బాజీ షాపుకు పోతూ వస్తూ చూసేవాడు. ఒకరోజు టీ గ్లాసు తనే పట్టుకెళ్లి ఇచ్చి కాసేపు పక్కన నిలబడ్డాడు. ఆ రాత్రి నుంచి ఇంట్లోనే పడుకున్నాడు.

ఇరవై రోజులయ్యాక అత్తమ్మ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను.

"అన్నయ్యగారూ, ఈ పిల్లది ఎవరి పోలిక?"

"నా పోలికేనమ్మా. కనపడటంలా?"

"కనపడుతోంది. మరి మీది ఎవరి పోలిక?"

నాన్న విల్లు పక్కన పెట్టాడు. 

"మా అమ్మ నన్ను మిరప కల్లంలో కన్నది. ఎండ తగిలింది."

అత్తమ్మ ఆయన్నీ పిల్లనీ మార్చి మార్చి చూసింది.

"మీకు తగిలిన ఎండ మనవరాలికి ఎట్టా వచ్చింది?"

"బాగా గట్టి ఎండమ్మా" అన్నాడు నాన్న.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. నాన్న కూడా నవ్వాడు. సమీరా ఇద్దర్నీ చూసి కేరింతలు కొట్టింది. అత్తమ్మ తెలివి తక్కువది కాదు. ఏం విన్నదో ఆమెకు తెలుసు. కళ్లు తుడుచుకుని లేస్తూ, "గట్టి ఎండే" అంది. ఆ మర్నాటి నుంచి వీధిలో ఎవరడిగినా, తాతకు కల్లంలో ఎండ తగిలిందంట, పిల్లకు అదే వచ్చింది అని తనే చెప్పేది. అంతకుముందు ఆచారం విని నవ్వినవాళ్లు ఈసారి నవ్వలేదు. పెద్దల్ని కూర్చోబెట్టే మాట వాళ్ల చిన్నాన్న మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడాది మిరప కోతలప్పుడు మా వీధిలో కడుపుతో ఉన్న ఒకమ్మాయిని కల్లానికి పోవద్దని అత్తమ్మ కేకలేయడం నేను విన్నాను.

మొహర్రం వెళ్లిన మర్నాడు నాన్న ఊరికి బయల్దేరాడు. తల గుడ్డ గట్టిగా చుట్టుకుని బండి ఎక్కాడు. ఊళ్లోకి వెళ్లేముందే బుల్లయ్యను చెరువు కట్ట దగ్గరికి పిలిపించుకుని గుండు చేయించుకున్నాడట. నానమ్మ ఆ జుట్టు చూడలేదు. తర్వాత ఆరేళ్ల పైన బతికాడు. ఈ విషయం మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. సమీరాకు జడ వేసే ఓపిక నాకు లేకపోతే, వచ్చినప్పుడల్లా ఆయనే కూర్చుని సన్నటి పాయలు తీసి అల్లేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, పరుపు అంచు కుట్టడం కంటే తేలికేనన్నాడు.

ఆయన పోయిన నలభయ్యో రోజున ఫాతెహా చదివించాం. పక్క ఊరి నుంచి ముల్లాగారు వచ్చారు. పాయసం గిన్నెలు, పళ్లు ముందు పెట్టాం. చనిపోయిన మనిషి పేరు, తండ్రి పేరు చెప్పమని అడిగారు. నాన్న పేరు చెప్పి, బుడే సాహెబ్ అనబోయాను.

"హయాత్" అంది నానమ్మ మంచం మీద నుంచి.

ముల్లాగారికి ఏమీ తెలియదు గనుక అలాగే చదివారు. హయాత్ కొడుకు ఇమాం హుస్సేన్ అని. అందరూ తిని వెళ్లాక నేను మంచం పక్కన కూర్చున్నాను. ఎవరు నానమ్మా హయాత్ అని అడిగాను. దాచకుండా చెప్పింది. హైదరాబాదు హబ్షీ. పత్తి మిల్లుకు లారీ తోలుకొచ్చేవాడు. మనిషి నవ్వితే దూరానికి వినపడేదట. నాన్న కడుపులో ఉండగా నల్లమల ఘాట్‌లో లారీ పడి పోయాడు.

"అన్నలే ఈ ఎండ మాట చెప్పమన్నారు" అంది. "హబ్షీ కొడుకంటే మనలో పిల్లనెవరిస్తారన్నారు. విధవ తప్పు చేసిందనుకుంటే పదేళ్లకు మరిచిపోతారు. హబ్షీ అంటే మనవల దాకా చెప్పుకుంటారు. నా మీద అనుకుంటే అనుకోనీ అన్నాను."

నాన్నకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాడు అడగలా. అడిగితే చెప్పేదాన్నే."

తప్పేమీ లేదు గదా అంది. హయాత్‌తో నిఖా కనిగిరిలో ఒక శుక్రవారం చదివారట. సాక్షి సంతకాలు పెట్టింది ఆమె అన్నలిద్దరే. అది జరిగిన పదకొండో నెలలో మా నాన్న పుట్టాడు.